శ్రేణిలో గరిష్ఠ విలువ: యంత్రం చెప్పే జవాబు, మనిషి వేయవలసిన ప్రశ్న

పది సంఖ్యలను కాగితంపై వ్రాసి, వాటిలో అతి పెద్దది ఏదని అడిగితే అప్పుడే అంకెలు నేర్చిన పిల్లవాడు కూడ వెంటనే వ్రేలు పెట్టి చూపుతాడు. సంఖ్యలు పది లక్షలైనప్పుడు అదే పనిని మనం కంప్యూటరుకు అప్పగిస్తాము. వాతావరణ కేంద్రాలలో నమోదయ్యే ఉష్ణోగ్రతలు, నదుల నీటిమట్టాలు, ఆసుపత్రిలో గుండె స్పందనను చూపే రేఖలు, ప్రయోగశాలలోని వర్ణపటాలు, ఇవన్నీ యంత్రం దృష్టిలో సంఖ్యల వరుసలే. అటువంటి వరుసకు శ్రేణి అని పేరు. శ్రేణిలోని గరిష్ఠ విలువను కనుగొనడం గణనశాస్త్రంలోని అతి సులభమైన పనులలో ఒకటిగా కనిపిస్తుంది.

అయితే ఆ ఒక్క విలువను ఆధారం చేసుకొని వంతెన ఎత్తును నిర్ణయిస్తారు; వరద ముప్పులో ఉన్న గ్రామాన్ని ఖాళీ చేయిస్తారు; సీసాలోని పదార్థం ఏదో తేల్చి చెబుతారు. యంత్రం చెప్పిన సంఖ్య నిజంగా మనకు కావలసిన సంఖ్యేనా అన్న సందేహం ఇక్కడే పుడుతుంది. ఈ చిన్న పని ఎట్లా జరుగుతుందో, ఎక్కడ దారి తప్పుతుందో తెలుసుకోవడం విద్యార్థులకే కాక, సంఖ్యలను నమ్మి నిర్ణయాలు తీసుకొనే ప్రతివారికీ ఉపయోగకరం.

తొలి పుస్తకంలోని తొలి ఉదాహరణ

శాస్త్రజ్ఞుల లెక్కల కోసం రూపొంది, విస్తృతంగా వాడుకలోకి వచ్చిన మొదటి ప్రోగ్రామింగు భాష ఫోర్‌ట్రాన్. ఐ.బి.ఎం. సంస్థలో జాన్ బాకస్ నాయకత్వాన తయారైన ఈ భాష 1957లో వినియోగదారులకు అందింది. దానికి ముందే, 1956 అక్టోబరులో, దాని వివరణ గ్రంథం వెలువడింది. అందులో పాఠకునికి మొట్టమొదట చూపిన ఉదాహరణ ఏమిటంటే, కొన్ని సంఖ్యలను చదివి వాటిలో అతి పెద్దదానిని అచ్చు వేసే ప్రోగ్రాము. 999 సంఖ్యల వరకు అది స్వీకరించగలదు.

దానిలోని పద్ధతి ఇది. మొదటి సంఖ్యను తాత్కాలిక విజేతగా భావించాలి. తరువాత రెండవ సంఖ్య మొదలుకొని ఒక్కొక్కదానిని విజేతతో పోల్చాలి. కొత్త సంఖ్య పెద్దదైతే అది విజేత స్థానాన్ని ఆక్రమిస్తుంది. కానిచో పాత విజేతయే కొనసాగుతుంది. వరుస ముగిసేసరికి మిగిలిన విజేతయే గరిష్ఠ విలువ. వంద సంఖ్యలుంటే 99 పోలికలు చేయాలి. ఇంతకంటె తక్కువ పోలికలతో పని పూర్తిచేయడం అసాధ్యం. ఎందుకంటే విజేత కాని ప్రతి సంఖ్యా కనీసం ఒక్కసారైనా ఓడిపోవాలి కదా!

ఆ ప్రోగ్రాములో మరొక విశేషమున్నది. పోలికలో కొత్త విజేత రావడం అరుదనీ, పాత విజేత నిలవడమే సాధారణమనీ యంత్రానికి ముందుగా సూచించే వాక్యాన్ని అందులో చేర్చారు. ప్రతి 13 పోలికలలో సుమారు 2 సార్లు మాత్రమే విజేత మారుతుందని ఆ అంచనా. ఇది నిజమేనా?

సంఖ్యలు ఏ క్రమమూ లేకుండ కలిసిపోయి ఉన్నాయనుకొందాము. రెండవ సంఖ్య మొదటిదానిని మించే అవకాశం రెండింట ఒకటి. మూడవ సంఖ్య మొదటి మూడింటిలో పెద్దది అయ్యే అవకాశం మూడింట ఒకటి. నూరవది మొదటి నూరింటిలోను పెద్దది అయ్యే అవకాశం నూరింట ఒకటి. ఈ భిన్నాలను కూడితే, వంద సంఖ్యల వరుసలో మొదటి సంఖ్యతో కలిపి సగటున సుమారు 5 గురు విజేతలు వస్తారని తేలుతుంది. వేయి సంఖ్యలైతే 7 లేక 8 మంది. పది లక్షల సంఖ్యలైనా సుమారు 14 మంది మాత్రమే! డొనాల్డ్ క్నూత్ 1968లో వెలువరించిన సుప్రసిద్ధ గ్రంథపు మొదటి సంపుటంలో ఈ లెక్కను సవిస్తరంగా విశ్లేషించాడు. క్రీడలలో ప్రపంచ రికార్డులు తొలినాళ్ళలో తరచుగాను, పోను పోను అరుదుగాను బద్దలు కావడానికి గల కారణాలలో ఈ గణితం కూడ ఒకటి.

ఇక్కడ ప్రారంభకులు తరచుగా ఒక పొరపాటు చేస్తారు. మొదటి సంఖ్యను విజేతగా తీసుకొనడానికి బదులు సున్నను విజేతగా పెట్టి పోలికలు మొదలుపెడతారు. మార్కుల విషయంలో ఇది బాగానే పనిచేస్తుంది. కాని మిన్నెసోటా రాష్ట్రంలో జనవరి మాసపు రాత్రి ఉష్ణోగ్రతలను సెల్సియస్ డిగ్రీలలో ఇస్తే ఆ వారమంతా సున్నకు దిగువనే ఉండవచ్చు. అప్పుడు ఏ సంఖ్యా సున్నను ఓడించలేదు. "ఈ వారపు గరిష్ఠం సున్న" అని యంత్రం చెబుతుంది. ఆ సంఖ్య పట్టికలో ఎక్కడా లేదు!

ఒక్క మాటలో జవాబు

1970వ దశకం చివర న్యూమెక్సికో విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన క్లీవ్ మోలర్, తన విద్యార్థులు ఫోర్‌ట్రాన్‌లో పొడుగాటి ప్రోగ్రాములు వ్రాయనవసరం లేకుండ మాత్రికలతో లెక్కలు చేసుకొనేందుకు ఒక సాధనాన్ని తయారుచేశాడు. అదే మాట్‌లాబ్. 1984లో దీనిని అభివృద్ధి చేసేందుకు మాత్‌వర్క్స్ సంస్థ ఏర్పడినది. నేడు ఇంజనీరింగు చదివే విద్యార్థులకు ఈ పేరు సుపరిచితం. పైథాన్ భాషలోని నంపై అనే సాధనసముదాయం కూడ ఇదే మార్గంలో నడుస్తుంది.

ఈ భాషలలో పైన చెప్పిన పోలికల వరుసను ఎవరూ వ్రాయనక్కరలేదు. 'మాక్స్' అన్న ఒక్క మాట వ్రాసి, ప్రక్కన శ్రేణి పేరు పెడితే చాలు. రెండు జవాబులు కావాలని అడిగితే గరిష్ఠ విలువతోబాటు అది ఎన్నవ స్థానంలో ఉన్నదో కూడ మాట్‌లాబ్ చెబుతుంది. చాలా సందర్భాలలో విలువకంటె స్థానమే ముఖ్యం. అత్యధిక వర్షం ఎంత అన్నదానికంటె ఏ రోజున కురిసింది అన్నదే రైతుకు కావాలి.

సౌకర్యం పెరిగిన కొలది ఒక ఇబ్బంది కూడ వస్తుంది. ప్రోగ్రాము తానే వ్రాసినవానికి యంత్రం ఏం చేస్తున్నదో తెలుసు. ఒక్క మాటతో పని ముగించినవానికి, ఆ మాట వెనుక ఏ నియమాలున్నాయో తెలియకపోవచ్చు.

గోదావరి పట్టిక

దీనికి మన ప్రాంతపు ఉదాహరణ చూద్దాము. భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది జారీచేస్తారు. 1986 ఆగస్టులో అక్కడ నీరు 75.6 అడుగుల ఎత్తుకు చేరింది. 2022 జూలైలో 71.3 అడుగులను తాకింది. ఇటువంటి నదికి కరకట్ట ఎంత ఎత్తు ఉండాలో ఆలోచించే ఇంజనీరు మొట్టమొదట కోరేది ప్రతి సంవత్సరపు గరిష్ఠ మట్టాన్ని. ఆ వార్షిక గరిష్ఠాల వరుస నుండియే "ఇంతటి వరద సగటున ఎన్నేళ్ళకొకసారి వస్తుంది" అన్న అంచనా పుడుతుంది.

కేవలం వివరణ కోసం మూడు సంవత్సరాల ఊహాత్మక పట్టికను తీసుకొందాము. ఒక్కొక్క అడ్డువరుస ఒక సంవత్సరం. నిలువువరుసలు జూన్, జూలై, ఆగస్టు, సెప్టెంబరు మాసాలు. సంఖ్యలు ఆ మాసంలోని అత్యధిక మట్టం, అడుగులలో.

మొదటి సంవత్సరం: 21, 48, 44, 30
రెండవ సంవత్సరం: 18, 35, 56, 41
మూడవ సంవత్సరం: 25, 39, 33, 47

ఈ పట్టికను మాట్‌లాబ్‌కు ఇచ్చి 'మాక్స్' అని అడిగితే 25, 48, 56, 47 అని నాలుగు సంఖ్యలు వస్తాయి. ఇవి మాసాలవారీ గరిష్ఠాలు. ప్రత్యేకంగా చెప్పనంతవరకు ఆ భాష ఒక్కొక్క నిలువువరుసను విడిగా పరిశీలిస్తుంది. ఇంజనీరుకు కావలసినవి అడ్డువరుసల గరిష్ఠాలు, అనగా 48, 56, 47. "రెండవ దిశలో చూడు" అని అదనంగా ఆదేశిస్తేనే ఇవి లభిస్తాయి. తేడాను గమనించనివారు మొదటి జవాబునే వార్షిక గరిష్ఠాలని భ్రమిస్తే, మూడవ హెచ్చరికను దాటిన వరద మూడేళ్ళలో ఒకసారి వచ్చినదనడానికి బదులు నాలుగింట ఒకసారి అని లెక్క కడతారు. రెండు జవాబులలోను సంఖ్యలు నమ్మదగినవిగానే కనిపిస్తాయి. యంత్రం ఏ తప్పూ చేయలేదు కనుక ఏ హెచ్చరికా ఇవ్వదు.

ఇంతకంటె సూక్ష్మమైన చిక్కు మరొకటి ఉన్నది. పట్టికలో ఒకే సంవత్సరం ఉంటే, అనగా ఒకే అడ్డువరుస ఉంటే, అదే ఆదేశానికి మాట్‌లాబ్ నాలుగు సంఖ్యలకు బదులు ఒకే సంఖ్యను ఇస్తుంది. ఒంటరి వరుసను అది సాదా శ్రేణిగా భావిస్తుంది. పదేళ్ళ పట్టికపై చక్కగా నడచిన ప్రోగ్రాము ఒక్క ఏడాది పట్టికపై తప్పటడుగు వేయడానికి ఇదే కారణం. దిశను ఎల్లప్పుడు స్పష్టంగా వ్రాయడమే దీనికి మందు.

పట్టిక మొత్తానికి గరిష్ఠమైన 56 ఎక్కడ ఉన్నది? రెండవ అడ్డువరుస, మూడవ నిలువువరుస అని మనకు కనిపిస్తూనే ఉన్నది. స్థానాన్ని ఒకే సంఖ్యగా అడిగితే మాట్‌లాబ్ 8 అంటుంది. నంపై 6 అంటుంది. ఇద్దరూ సరిగానే చెప్పారు! మాట్‌లాబ్ ఫోర్‌ట్రాన్ సంప్రదాయాన్ని అనుసరించి నిలువువరుసల వెంబడి, 1 నుండి లెక్కిస్తుంది. నంపై సాధారణంగా అడ్డువరుసల వెంబడి, 0 నుండి లెక్కిస్తుంది. ఒక భాష నుండి మరొక భాషకు ప్రోగ్రామును మార్చేటప్పుడు ఈ భేదాన్ని మరచినవారు వేరొక గడిలోని సంఖ్యను తెచ్చుకొంటారు.

సంఖ్య కాని సంఖ్య

నిజజీవితపు పట్టికలలో ఖాళీలు తప్పవు. తుఫానులో కొలబద్ద కొట్టుకొనిపోవచ్చు, పరికరం ఆగిపోవచ్చు. వెనుకటి రోజులలో అటువంటి ఖాళీలో 9999 వంటి అసంభవమైన సంఖ్యను వ్రాసే ఆచారముండేది. ఆనాటి దస్త్రాలు నేటికీ వాడుకలో ఉన్నాయి. చదివే మనిషికి అది ఖాళీ అని తెలుసు. యంత్రానికి మాత్రం అది అన్నిటికంటె పెద్ద సంఖ్య. గరిష్ఠం అడిగితే నిస్సందేహంగా 9999 అడుగుల వరదను చూపుతుంది. ఇంత అసంబద్ధమైన జవాబు ఒక విధంగా మేలు, ఎవరైనా పట్టుకొంటారు. దశాంశ బిందువు జారిపోయి 7.5 కాస్తా 75గా మారినప్పుడే ప్రమాదం.

1985లో ఆమోదం పొందిన అంతర్జాతీయ గణన ప్రమాణం దీనికొక పరిష్కారం చూపింది. విలువ లేనిచోట "ఇది సంఖ్య కాదు" అన్న ప్రత్యేక గుర్తును ఉంచవచ్చు. ఆంగ్లంలో దీనిని నాన్ అంటారు. ఈ గుర్తుకొక విచిత్ర స్వభావమున్నది. దానిని దేనితో పోల్చి "పెద్దదా?" అని అడిగినా "కాదు" అనియే సమాధానం. చివరకు అది తనతో తాను కూడ సమానం కాదు.

ఇప్పుడు 1956 నాటి పద్ధతిని దీనికి అన్వయించి చూడండి. గుర్తు వరుస మధ్యలో వస్తే, విజేతకంటె పెద్దది కాదు కనుక దానిని దాటిపోతాము. జవాబు సరిగానే వస్తుంది. అదే గుర్తు మొదటి స్థానంలో ఉంటే అది తాత్కాలిక విజేత అవుతుంది. తరువాత వచ్చే ఏ సంఖ్యా దానికంటె "పెద్దది" కాజాలదు కనుక చివరిదాకా అదే సింహాసనంపై కూర్చుంటుంది. అవే సంఖ్యలు, అదే పద్ధతి. వరుస మారితే జవాబు మారింది!

ఈ చిక్కును ఒక్కొక్క భాష ఒక్కొక్క విధంగా విడదీసింది. మాట్‌లాబ్‌లోని మాక్స్ మామూలుగా అటువంటి గుర్తులను విడిచిపెట్టి మిగిలినవాటిలో పెద్దదానిని చెబుతుంది. నంపైలోని మాక్స్, ఒక్క ఖాళీ ఉన్నా జవాబును కూడ ఖాళీగానే చూపుతుంది. ఖాళీలను విడువమని కోరడానికి వేరొక ఆదేశం ఉన్నది. ఏది మంచిది? వరద ముదిరిన రాత్రియే కొలబద్ద పాడైతే, మిగిలిన రోజుల గరిష్ఠాన్ని ఆ మాసపు గరిష్ఠమని ప్రకటించడం ప్రమాదకరం. అప్పుడు "తెలియదు" అన్న జవాబే నిజాయితీ గల జవాబు.

రెండవ స్థానం ఎవరిది?

చాలాసార్లు ఒక్క గరిష్ఠం సరిపోదు. మొదటి రెండు, మొదటి పది విలువలు కావాలి. ఈ ప్రశ్నకు ఆటస్థలంలో పుట్టిన ఆసక్తికరమైన చరిత్ర ఉన్నది. అద్భుతలోకంలో ఆలిస్ కథను వ్రాసిన లూయీ కారల్ వృత్తిరీత్యా గణితశాస్త్రజ్ఞుడు; అసలు పేరు చార్లెస్ డాడ్జ్‌సన్. ఓడినవారు నిష్క్రమించే పద్ధతిలో జరిగే టెన్నిస్ పోటీలలో రెండవ బహుమతి అన్యాయంగా పంచబడుతున్నదని 1883లో ఆయన వాదించాడు.

తెలుగు సంఘాల వేసవి సమ్మేళనాలలో జరిగే బాడ్మింటన్ పోటీని ఊహించుకోండి. ఎనిమిదిమంది ఆటగాళ్ళు, ఏడు ఆటలు, ఒక విజేత. అంతిమ ఆటలో ఓడినవానికి రెండవ బహుమతి ఇస్తాము. కాని నిజంగా రెండవ ఉత్తమ ఆటగాడు మొదటి ఆటలోనే విజేతకు ఎదురుపడి ఇంటికి వెళ్ళిపోయి ఉండవచ్చు! ఎల్లప్పుడూ మేటి ఆటగాడే గెలుస్తాడని అనుకొంటే, రెండవ ఉత్తముడు విజేత చేతిలో తప్ప మరెవరి చేతిలోను ఓడిపోడు. విజేత చేతిలో ఓడినవారు ముగ్గురే. ఆ ముగ్గురి మధ్య మరి రెండు ఆటలు ఆడిస్తే నిజమైన రెండవవాడు తేలుతాడు. మొత్తం తొమ్మిది ఆటలు.

సంఖ్యలకు కూడ ఇదే న్యాయం. 1024 సంఖ్యలలో మొదటిదానిని, ఆ తరువాత మిగిలినవాటిని మళ్ళీ మొదటి నుండి పోల్చి రెండవదానిని వెదకితే 2045 పోలికలు కావాలి. పోటీ పద్ధతిలో 1032 చాలు. మొదటి పది లేక వంద విలువలు కావలసినప్పుడు శ్రేణినంతటినీ అవరోహణ క్రమంలో పేర్చడం అందరికీ తోచే మార్గం. అన్నిటినీ పేర్చకుండానే కోరిన స్థానంలోని విలువను పట్టుకొనే పద్ధతిని బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు టోనీ హోర్ 1961లో ప్రచురించాడు. నేటి భాషలలో దాని సంతతి పనిచేస్తూనే ఉన్నది.

ఒకే గరిష్ఠ విలువ రెండు మూడు చోట్ల ఉంటే మాట్‌లాబ్ గాని నంపై గాని మొదటి చోటును మాత్రమే చెబుతాయి. తరగతిలో ఇద్దరికి 98 మార్కులు వస్తే, పట్టికలో ముందున్న విద్యార్థికే బహుమతి దక్కుతుందన్నమాట. గరిష్ఠం ఎంతో ముందుగా తెలుసుకొని, దానితో సమానమైన విలువలు ఎక్కడెక్కడ ఉన్నాయని మరల అడగడం న్యాయం.

పెద్దది నిజమైనదేనా?

రసాయనశాస్త్రంలో ద్రవ్యరాశి వర్ణపటం అనే పరీక్ష ఉన్నది. అణువులను విద్యుదావేశం గల ముక్కలుగా చేసి, ఆ ముక్కలను బరువులవారీగా లెక్కిస్తారు. వచ్చిన శిఖరాలలో అత్యున్నతమైనదానికి 100 అని విలువ కట్టి, తక్కిన శిఖరాలన్నిటినీ దానిలో శాతంగా వ్రాస్తారు. అనగా గరిష్ఠం తప్పితే పట్టికలోని ప్రతి సంఖ్యా తప్పుతుంది.

రంగుల పరిశ్రమలో వాడే టోలుయీన్ అనే ద్రవాన్ని తీసుకొంటే, దాని అణుభారం 92. కాని అత్యున్నత శిఖరం 91 వద్ద కనిపిస్తుంది. అణువు ఒక హైడ్రోజన్ పరమాణువును సులభంగా విడిచిపెట్టడమే ఇందుకు కారణం. "అతి పెద్ద శిఖరం ఎక్కడ?" అన్న ప్రశ్నకు 91 సరియైన జవాబు. "అణుభారం ఎంత?" అన్న ప్రశ్నకు అదే తప్పు జవాబు. రెండు ప్రశ్నలూ ఒకటేనని భావించడం ప్రోగ్రాము దోషం కాదు.

కాంతిని నమోదుచేసే వర్ణపట పరికరాలలో మరొక వింత. అంతరిక్షం నుండి నిరంతరం వచ్చే విశ్వకిరణాలు అప్పుడప్పుడు పరికరంలోని గ్రాహకాన్ని తాకుతాయి. అప్పుడు వర్ణపటంలో సూదివంటి శిఖరం మొలుస్తుంది. గరిష్ఠం అడిగితే యంత్రం దానినే చూపుతుంది. అయితే నిజమైన శిఖరానికి ఇరుప్రక్కల కొండ వాలువలె విలువలు క్రమంగా పెరిగి తగ్గుతాయి. విశ్వకిరణపు సూది ఒకటి రెండు గడులకే పరిమితం. అదే నమూనాను మరల కొలిస్తే నిజమైన శిఖరం అక్కడే ఉంటుంది, సూది మాయమవుతుంది. కనుక గరిష్ఠాన్ని కనుగొన్న వెంటనే దాని ఇరుగుపొరుగు విలువలను చూడడం ప్రయోగశాలలో మంచి అలవాటు.

అనుమానానికి కూడ హద్దు ఉండాలి

అసాధారణ విలువలన్నిటినీ పారవేస్తే సరిపోతుందా? ఓజోను పొర చరిత్ర దీనికి సమాధానం చెబుతుంది. కనిష్ఠాన్ని వెదకడం కూడ గరిష్ఠాన్ని వెదకడమే. అన్ని సంఖ్యల గుర్తులు మార్చితే చాలు. అంటార్కిటికాలోని హాలీ కేంద్రంలో భూమి మీది పరికరంతో ఏళ్ళ తరబడి కొలిచిన బ్రిటిష్ శాస్త్రజ్ఞులు ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ 1985లో ఒక దిగ్భ్రాంతికరమైన విషయం ప్రకటించారు. వెనుకటి దశకాలలో అక్టోబరు మాసంలో సుమారు 300 డాబ్సన్ ప్రమాణాలున్న ఓజోను, 1984 నాటికి 200కు దిగువకు పడిపోయింది.

అదే ప్రాంతం మీదుగా నింబస్-7 ఉపగ్రహం కూడ కొలతలు తీస్తూనే ఉన్నది. అయితే 180 ప్రమాణాలకంటె తక్కువ విలువలు అసంభవమని భావించి, అటువంటివాటికి అనుమానపు గుర్తు వేసేటట్లు దాని ప్రోగ్రామును వ్రాశారు. కంప్యూటరు వాటిని పారవేసినదని లోకంలో ప్రచారమైన కథ సరికాదు. విలువలు భద్రంగానే ఉన్నాయి. వాటిని మళ్ళీ పరిశీలించినప్పుడు ఓజోను క్షీణత ఖండమంతటా వ్యాపించినదని ఉపగ్రహమే నిరూపించింది. గుర్తు వేసి దాచినందువలననే అది సాధ్యమైనది. చెరిపివేసి ఉంటే ఆ సాక్ష్యం మిగిలేది కాదు. 1987లో మాంట్రియల్ ఒప్పందంపై దేశాలు సంతకాలు చేశాయి; ఓజోనుకు హాని కలిగించే రసాయనాల ఉత్పత్తి క్రమంగా చాలావరకు నిలిచిపోయింది.

విద్యార్థులకు ఒక సూచన

కళాశాలలో గణన భాషలు నేర్చుకొంటున్న యువతీయువకులు గరిష్ఠాన్ని వెదికే ప్రతిసారీ నాలుగు ప్రశ్నలు వేసుకొంటే మేలు. ఏ దిశలో వెదకుతున్నాము? ఖాళీలను ఏం చేస్తున్నాము? ఒకటికంటె ఎక్కువ గరిష్ఠాలున్నాయా? ఆ విలువకు ఇరుగుపొరుగున ఏమున్నది? పట్టికను ముందుగా ఒక రేఖాచిత్రంగా గీసి కంటితో చూస్తే ఈ ప్రశ్నలలో సగానికి జవాబు అక్కడికక్కడే దొరుకుతుంది. భాష కొత్తదైతే, జవాబు ముందే తెలిసిన నాలుగైదు సంఖ్యల చిన్న పట్టికతో, పైన చూపిన గోదావరి పట్టికవంటి దానితో, ఆదేశాన్ని పరీక్షించి చూడాలి. యంత్రం 56 అనీ, దాని స్థానం 8 అనీ చెప్పినప్పుడు అది ఎందుకట్లా చెప్పినదో వివరించగలిగినవారు పది లక్షల సంఖ్యల పట్టికను కూడ ధైర్యంగా దానికి అప్పగించవచ్చు.